తెల్లబోయిన సిద్ధాంతం

నల్లజాతి ఆటగాళ్లు పరిగెత్తగలరే తప్ప ఆలోచించలేరన్న అమెరికన్ ఫుట్‌బాల్ నమ్మకాన్ని 1988లో ఒకే ఒక్క క్వార్టర్ కుదిపేసింది. ఆ నమ్మకం మాత్రం అంత తేలిగ్గా మైదానం వదిలిపోలేదు

1988 జనవరి 31. శాన్ డీగోలోని జాక్ మర్ఫీ స్టేడియంలో 22వ సూపర్ బౌల్. వాషింగ్టన్ జట్టు క్వార్టర్‌బ్యాక్ డగ్ విలియమ్స్ ముందురోజే పంటికి రూట్ కెనాల్ చేయించుకున్నారు. ఆట మొదలయ్యాక పరిస్థితి పంటినొప్పి కంటే ఘోరంగా ఉంది. తొలి క్వార్టర్‌లోనే ప్రత్యర్థి డెన్వర్ బ్రాంకోస్ 10-0 ఆధిక్యానికి చేరింది. అది చాలదన్నట్టు విలియమ్స్ కాలు జారి మోకాలు మెలితిరిగింది. 32 ఏళ్ల ఆటగాడు కుంటుకుంటూ బయటికి వెళ్తుంటే ఇక ఆయన కథ ముగిసినట్టేనని చాలామంది అనుకుని ఉంటారు.

ఆ వారమంతా విలేఖరులు ఆయన్ను అడిగింది ఆట గురించి కాదు, రంగు గురించి. అప్పటిదాకా ఏ నల్లజాతి క్వార్టర్‌బ్యాకూ సూపర్ బౌల్‌లో జట్టును నడిపింది లేదు. 'ఎంతకాలంగా మీరు నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌గా ఉన్నారు' అని ఒక విలేఖరి అడిగాడన్న కథ నేటికీ ప్రచారంలో ఉంది. అడిగింది అలా కాదనీ, 'పుట్టుకతోనే మీరు నల్లజాతి వారు, మరి ఆ సంగతి ఎప్పటినుంచి ముఖ్యమైంది' అన్న అర్థంలోననీ తర్వాత వివరణ వచ్చింది. మాట మారినా ఆ వారం వాతావరణాన్ని ఆ కథ సరిగ్గానే పట్టిచ్చింది.

అంత రాద్ధాంతం ఎందుకో తెలియాలంటే ఆ స్థానం సంగతి కాస్త తెలియాలి. మనం ఫుట్‌బాల్ అనే ఆటకూ దీనికీ పేరులో తప్ప పోలిక లేదు. వంద గజాల మైదానం, జట్టుకు 11 మంది. బంతి చేతికొచ్చిన జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలి. లేకుంటే బంతిని వదులుకోవాలి. ప్రతి ప్రయత్నానికీ ముందు ఒక వ్యూహం ఉంటుంది. దాన్ని జట్టుకు చెప్పేదీ, ఎదుటివారి మోహరింపు చూసి చివరి క్షణంలో మార్చేదీ, మీదికి దూకుతున్న భారీకాయుల మధ్య మూడు నాలుగు సెకన్లలో బంతి ఎవరికి విసరాలో తేల్చేదీ క్వార్టర్‌బ్యాకే. ఆ స్థానం జట్టుకు మెదడు లాంటిదని అమెరికన్లు నమ్ముతారు. చిక్కంతా ఆ పోలికతోనే వచ్చింది.

మనకిది మరీ కొత్తేం కాదు. దళితుడైన పల్వంకర్ బాలూ 1911 ఇంగ్లండ్ పర్యటనలో 114 వికెట్లు తీశారు. ఆయన బౌలింగ్ కావలసి వచ్చిన హిందూ జట్టుకు ఆయన నాయకత్వం మాత్రం అక్కర్లేకపోయింది. చేతులు మీవి, నిర్ణయాలు మావి అన్న సూత్రం సముద్రానికి ఆ వైపునా చక్కగా చెల్లింది.

ఎన్‌ఎఫ్‌ఎల్‌గా మారిన లీగ్ 1920లో పుట్టింది. ఆ తొలి ఏడాది టైటిల్ గెలిచిన ఏక్రన్ ప్రోస్‌లో ఫ్రిట్జ్ పోలార్డ్ అనే నల్లజాతి ఆటగాడు ఉన్నారు. 1921లో ఆయన కోచ్ బాధ్యతలూ చూశారు. అంటే తలుపు మొదట తెరిచే ఉంది, మూసింది తర్వాత. 1934 నుంచి 1945 వరకు లీగ్‌లో ఒక్క నల్లజాతి ఆటగాడు కూడా లేడు. కాగితం మీద నిషేధమంటూ ఏమీ లేదు. యజమానుల మధ్య ఉన్నది మౌన అంగీకారం. 1946లో లాస్ ఏంజెలిస్‌కు తరలివచ్చిన రామ్స్ జట్టుకు ప్రజాధనంతో కట్టిన కొలోసియం స్టేడియం కావలసి వచ్చింది. నల్లజాతి పత్రికల వాళ్లు అక్కడ పట్టుబట్టడంతో కెన్నీ వాషింగ్టన్‌ను తీసుకోక తప్పలేదు.

అందరికంటే చివరగా దిగివచ్చింది రాజధాని జట్టు. యజమాని జార్జ్ ప్రెస్టన్ మార్షల్ తన జట్టును దక్షిణాది శ్వేతజాతీయుల జట్టుగా అమ్ముకున్నారు. జట్టు వరుసగా ఓడుతున్నా పట్టు వీడలేదు. 1961లో ఆ జట్టు గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్. అయితే ఆ ఏడాది కట్టిన కొత్త స్టేడియం ఫెడరల్ ప్రభుత్వ స్థలంలో ఉంది. కెనడీ ప్రభుత్వంలో ఇంటీరియర్ మంత్రి స్టీవర్ట్ ఉడాల్ ఆ ఒక్క మెలిక పట్టుకున్నారు. వివక్ష చూపితే స్టేడియం దక్కదని తేల్చి చెప్పారు. ఆ దెబ్బకు 1962లో బాబీ మిచెల్ వంటి నల్లజాతి ఆటగాళ్లు తొలిసారి ఆ జట్టు చొక్కా తొడిగారు. మార్షల్ మనసు మారిందని ఎవరూ అనలేదు, స్థలం అద్దె ఒప్పందం మాత్రం నిలిచింది.

మైదానంలోకి రానిచ్చాక వివక్ష రూపం మార్చుకుంది. వేగం కావలసిన స్థానాలు నల్లజాతి వారికి, నిర్ణయం కావలసినవి తెల్లవారికి. సామాజిక శాస్త్రవేత్తలు 1970లలో దీన్ని స్టాకింగ్ అన్నారు. మార్లిన్ బ్రిస్కో సంగతే చూడండి. 1968లో డెన్వర్ ప్రధాన క్వార్టర్‌బ్యాక్ గాయపడటంతో అవకాశం వచ్చిన ఈ కుర్రాడు కొత్త ఆటగాడిగా 14 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. మరుసటి ఏడాది ఆయనకు చెప్పకుండానే క్వార్టర్‌బ్యాక్‌ల సమావేశాలు జరిగాయి. ఆయన మరో జట్టుకు వెళ్లి, బంతి విసిరే బదులు అందుకునే పనిలో కుదురుకున్నారు. కాలేజీ ఫుట్‌బాల్‌లో రోజ్ బౌల్ గెలిపించిన వారెన్ మూన్‌ను 1978 డ్రాఫ్ట్‌లో ఒక్క జట్టూ ఎంచుకోలేదు. ఆయన కెనడా వెళ్లి వరుసగా అయిదుసార్లు గ్రే కప్ గెలిచిన జట్టులో ఆడారు. అప్పుడు గానీ స్వదేశానికి ఆయన చేతిలో సత్తా కనిపించలేదు.

ఆ 1978లోనే విలియమ్స్‌ను తొలి రౌండులో టాంపా బే తీసుకుంది. లూసియానాలో నల్లజాతి విద్యార్థుల గ్రాంబ్లింగ్ కాలేజీలో ఎడ్డీ రాబిన్సన్ తీర్చిదిద్దిన కుర్రాడాయన. అంతకు ముందు వరుసగా 26 మ్యాచ్‌లు ఓడిన జట్టును ఆయన అయిదేళ్లలో మూడుసార్లు ప్లేఆఫ్‌లకు చేర్చారు. దానికి దక్కిన ఏడాది జీతం 1.2 లక్షల డాలర్లు. ఇతర జట్లలో బెంచీ మీద కూర్చునే కొందరు క్వార్టర్‌బ్యాక్‌లకే అంతకంటే ఎక్కువ ముట్టేది. 1983లో భార్య మెదడులో కణితితో మరణించారు. అదే ఏడాది జీతం దగ్గర బేరం తెగలేదు. ఆయన పోటీ లీగ్‌కు వెళ్లిపోయారు. టాంపా బే ఆ తర్వాత వరుసగా 14 సీజన్లు గెలుపుల కంటే ఓటములే ఎక్కువ మూటగట్టుకుంది. ఆదా చేసిన డబ్బుతో ఏం చేసుకున్నారో మరి.

పోటీ లీగ్ మూతపడ్డాక 1986లో పిలిచింది వాషింగ్టన్ కోచ్ జో గిబ్స్. ఉద్యోగం జే ష్రోడర్‌కు ప్రత్యామ్నాయంగా ఉండటం. 1987 సీజన్ లీగ్ దశలో విలియమ్స్ మొదటినుంచీ ఆడిన మ్యాచ్‌లు రెండే, రెండూ ఓటమే. అయినా ష్రోడర్ తడబడుతున్న ప్రతిసారీ మధ్యలో వచ్చి గట్టెక్కించడంతో ప్లేఆఫ్‌లకు గిబ్స్ ఆయన్నే నమ్ముకున్నారు.

ఇక ఆ రెండో క్వార్టర్. కుంటుతూ వెళ్లిన విలియమ్స్ తిరిగొచ్చారు. వాషింగ్టన్ చేతికి బంతి రాగానే మొదటి ఎత్తులోనే రికీ శాండర్స్‌కు 80 గజాల టచ్‌డౌన్. తర్వాత గ్యారీ క్లార్క్‌కు 27 గజాలు. బంతి అందుకుని టిమ్మీ స్మిత్ 58 గజాలు పరిగెత్తాడు. మళ్లీ శాండర్స్‌కు 50 గజాలు. చివరిగా క్లింట్ డిడియర్‌కు 8 గజాలు. 18 ఎత్తుల్లో అయిదు టచ్‌డౌన్లు, 35 పాయింట్లు. సూపర్ బౌల్‌లో ఒకే క్వార్టర్‌లో అన్ని పాయింట్లు ఆ తర్వాత మరే జట్టూ చేయలేదు. ఎదుటి వైపు ఉన్నది ఆనాటి మేటి క్వార్టర్‌బ్యాక్ జాన్ ఎల్వే. ఆయన చేసేదేమీ లేకపోయింది. తుది స్కోరు 42-10. విలియమ్స్ పాస్‌ల మొత్తం 340 గజాలు, అత్యుత్తమ ఆటగాడి పురస్కారమూ ఆయనదే. అందరికంటే చివరగా తలుపు తీసిన జట్టు చొక్కాతోనే ఇదంతా జరిగింది.

తర్వాత దారి సాఫీ అయిందనుకుంటే పొరపాటు. విలియమ్స్‌కు గాయాలు, అనారోగ్యం తోడై రెండేళ్లలో ఆట ముగిసింది. సూపర్ బౌల్ గెలిచిన రెండో నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ రావడానికి 26 ఏళ్లు పట్టింది. 2018లో కూడా లామార్ జాక్సన్ రిసీవర్‌గా మారితే మంచిదని లీగ్‌లో పేరున్న మాజీ జనరల్ మేనేజర్ సలహా ఇచ్చారు. మరుసటి ఏడాదే ఓటర్లంతా ఏకగ్రీవంగా జాక్సన్‌ను లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా ఎన్నుకున్నారు. 2023 ఫిబ్రవరి 12న పాట్రిక్ మహోమ్స్, జేలెన్ హర్ట్స్ తలపడినప్పుడు గానీ ఇద్దరు నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌ల మధ్య సూపర్ బౌల్ జరగలేదు.

సిద్ధాంతం మైదానంలో ఓడిపోయి ఫైళ్లలో దాక్కుంది. తలకు తగిలిన దెబ్బలతో మతిమరుపు పాలైన మాజీ ఆటగాళ్లకు పరిహారం ఇచ్చే ఒప్పందంలో, నల్లజాతి వారి మేధాశక్తి ఆరంభంలోనే తక్కువన్న లెక్కతో కొలిచే పద్ధతి ఉండేది. దెబ్బ తగిలాక తగ్గినదెంత అని తేల్చేటప్పుడు ఆ లెక్క వారి పరిహారానికి గండి కొట్టేది. ఇద్దరు మాజీ ఆటగాళ్లు కోర్టుకెక్కాక, 2021లో గానీ దాన్ని విడిచిపెడతామని లీగ్ ఒప్పుకోలేదు.

కోచ్ కుర్చీది ఇంకా నెమ్మది కథ. పోలార్డ్ తర్వాత లీగ్‌కు మరో నల్లజాతి హెడ్ కోచ్ ఆర్ట్ షెల్ దొరికింది 1989లో, అంటే 68 ఏళ్లకు. కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి, లీగ్‌లో డిఫెన్స్‌కు మళ్లిన టోనీ డంజీ 2007లో కోచ్‌గా సూపర్ బౌల్ గెలిచారు. హెడ్ కోచ్ ఖాళీకి కనీసం ఒక మైనారిటీ అభ్యర్థినైనా ఇంటర్వ్యూ చేయాలన్న నిబంధన 2003లోనే వచ్చింది. 2022లో బ్రయన్ ఫ్లోరెస్ లీగ్ మీద దావా వేసిన రోజున 32 జట్లకు ఉన్న నల్లజాతి హెడ్ కోచ్ ఒక్కరే. ఇంటర్వ్యూలు కొన్ని మొక్కుబడి తంతులేనన్నది ఆయన ఆరోపణ.

2020 జూన్‌లో, జార్జ్ ఫ్లాయిడ్ హత్యపై ఆందోళనలు సాగుతున్న రోజుల్లో, వాషింగ్టన్ పాత స్టేడియం ముందున్న మార్షల్ స్మారకాన్ని తొలగించారు. ఆదివాసులను కించపరిచే పాత పేరు 'రెడ్‌స్కిన్స్'ను జట్టు మరుసటి నెలలో వదులుకుంది. కొత్త స్టేడియంలో మార్షల్ పేరిట ఉన్న దిగువ వరుసలకు బాబీ మిచెల్ పేరు పెట్టారు. మిచెల్ అప్పటికి రెండు నెలల క్రితమే కన్నుమూశారు.