మార్కెట్ విభజన మరియు బ్రాండ్ స్థాననిర్ధారణ

ఒక వస్తువును కొనగలిగిన వారందరినీ ఒకే మూసగా భావించక, వారి అవసరాలు, కొనుగోలు శక్తి, అలవాట్లను బట్టి వర్గాలుగా వేరుచేయడాన్ని '''మార్కెట్ విభజన''' అంటారు. అలా ఎంచుకొన్న వర్గం మనస్సులో, పోటీ వస్తువులకు భిన్నంగా, తన వస్తువు పేరుకు ఒక స్పష్టమైన అర్థాన్ని ఏర్పరచడాన్ని '''బ్రాండ్ స్థాననిర్ధారణ''' అంటారు. వ్యాపార వ్యవహారంలో వీటిని సెగ్మెంటేషన్, పొజిషనింగ్ అని పిలుస్తారు. మొదటిది "ఎవరికి అమ్మాలి?" అనే ప్రశ్నకు సమాధానం. రెండవది "వారు ఇతరులను కాదని మన వస్తువునే ఎందుకు కోరాలి?" అనే ప్రశ్నకు సమాధానం.

విద్యార్థులు తరచుగా ఈ రెండింటినీ ఒకటిగా పొరబడుతారు. నిజానికి విభజన కొనుగోలుదారులకు సంబంధించినది. స్థాననిర్ధారణ వారి మనస్సులో వస్తువు పొందే చోటుకు సంబంధించినది. విభజన మాత్రమే చేసి ఊరుకొంటే మిగిలేది ఒక జాబితా. విభజన లేకుండా స్థానాన్ని ప్రకటిస్తే మిగిలేది ఒక నినాదం. రెండూ ఒకదానికొకటి సరిపడి, వస్తువు నాణ్యత, ధర, ఉత్పత్తి వ్యయం, పంపిణీ కూడా వాటికి అనుగుణంగా ఉన్నపుడే సంస్థకు పోటీలో ఆధిక్యం లభిస్తుంది. భారతదేశంలో బట్టల సబ్బుపొడుల చరిత్ర దీనికి చక్కని ఉదాహరణ.

== భావాల చరిత్ర ==

అమెరికాలో హెన్రీ ఫోర్డ్ సంస్థ 1908 నుండి 1927 వరకు మోడల్ టి అనే ఒకే నమూనా కారును కోటిన్నరకు పైగా తయారుచేసినది. 1914 తరువాత కొన్నేళ్ళపాటు అది నల్లరంగులో మాత్రమే లభించేది. అందరికీ ఒకే వస్తువు అనే ఈ పద్ధతి వలన ధర బాగా తగ్గినది. 1923లో జనరల్ మోటార్స్ అధ్యక్షుడైన ఆల్‌ఫ్రెడ్ స్లోన్ ఇందుకు భిన్నమైన మార్గాన్ని అనుసరించాడు. అడుగున షెవ్రొలే, పైన కాడిలాక్, మధ్యలో మరికొన్ని పేర్లు ఉండేటట్లు ఒక్కొక్క ఆదాయ వర్గానికి ఒక్కొక్క కారును కేటాయించాడు. ఆ దశాబ్దం చివరికి ఫోర్డ్ తన ఏకైక నమూనాను విడిచిపెట్టవలసి వచ్చినది.

ఈ ఆచరణకు సిద్ధాంతరూపం ఇచ్చినవాడు వెండెల్ స్మిత్. 1956లో జర్నల్ ఆఫ్ మార్కెటింగ్ పత్రికలో వెలువడిన వ్యాసంలో ఆయన రెండు మార్గాలను పోల్చాడు. తయారుచేసిన సరుకు వైపుకు గిరాకీని మళ్ళించడం ఒకటి. ఉన్న గిరాకీలోని తేడాలను గుర్తించి సరుకునే వాటికి తగినట్లు మలచడం రెండవది. ఈ రెండవదే మార్కెట్ విభజన.

స్థాననిర్ధారణ భావాన్ని 1969లో జాక్ ట్రౌట్ ఒక వ్యాసంలో ప్రవేశపెట్టాడు. 1972లో ఆల్ రీస్, జాక్ ట్రౌట్ కలిసి అడ్వర్టైజింగ్ ఏజ్ పత్రికలో వ్రాసిన వ్యాసాల ద్వారా అది ప్రచారంలోకి వచ్చినది. 1981లో వారి పుస్తకం వెలువడినది. ప్రకటనలు పెరిగినకొద్దీ మనిషి మనస్సు చాలా వాటిని తోసిపుచ్చుతుందని, అందువలన ఒకే సరళమైన భావంతో అక్కడ చోటు సంపాదించాలని వారి వాదన. అమెరికాలో కార్లను అద్దెకిచ్చే ఏవిస్ సంస్థ 1962లో తాను రెండవ స్థానంలో ఉన్నానని బాహాటంగా ఒప్పుకొని, కనుకనే ఎక్కువ శ్రమిస్తున్నానని చెప్పుకొన్నది. మొదటి స్థానంలోని హెర్ట్జ్ సంస్థను జనం మనస్సులో నుండి తొలగించే ప్రయత్నం చేయక, దాని ప్రక్కనే తన చోటును చూసుకొన్నది.

పోటీ ఆధిక్యం అనే మాటకు ప్రాచుర్యం కల్పించినవాడు హార్వర్డ్ ఆచార్యుడు మైకేల్ పోర్టర్. 1980, 1985 సంవత్సరాలలో వెలువడిన గ్రంథాలలో ఆయన మూడు మౌలిక వ్యూహాలను వివరించాడు. అందరికంటె తక్కువ ఖర్చుతో తయారుచేయడం, విలువైన ప్రత్యేకత చూపడం, ఒక చిన్న వర్గంపైనే దృష్టి నిలపడం అనేవే ఆ మూడు.

== విభజనకు ఆధారాలు ==

మార్కెట్‌ను విభజించడానికి సాధారణంగా నాలుగు ఆధారాలను వాడుతారు. సబ్బుపొడి విషయంలో అవి ఈ విధంగా ఉంటాయి.

* '''భౌగోళికం''': బోరునీరు కఠినజలంగా ఉన్న ఊళ్ళలో మామూలు సబ్బు సరిగా నురగనివ్వక తెట్టుకడుతుంది. కృత్రిమ డిటర్జెంటుకు ఆ ఇబ్బంది తక్కువ. కనుక నీటిని బట్టి కూడా అవసరం మారుతుంది.
* '''జనాభా లక్షణాలు''': ఆదాయం, వయస్సు, కుటుంబ పరిమాణం, వృత్తి. రోజుకూలీ కుటుంబం చిన్న ప్యాకెట్టును, నెలజీతం కుటుంబం పెద్ద ప్యాకెట్టును కొనవచ్చు.
* '''మనోవైఖరి''': పొదుపును గొప్పగా భావించేవారు, తెల్లదనాన్ని గౌరవచిహ్నంగా భావించేవారు, శ్రమ తగ్గాలని కోరేవారు.
* '''ప్రవర్తన''': చేతితో ఉతికేవారు, యంత్రంలో ఉతికేవారు, పొడికి ముందు బిళ్ళసబ్బు కూడా వాడేవారు.

గీత గీసినంత మాత్రాన అది పనికివచ్చే విభాగం కాదు. ఆ విభాగాన్ని లెక్కించగలగాలి. లాభం వచ్చేటంత పెద్దదిగా ఉండాలి. సరుకు, ప్రచారం దానిని చేరగలగాలి. అన్నిటికంటె ముఖ్యంగా, ఇతర వర్గాలకంటె ఆ వర్గం భిన్నంగా స్పందించాలి. రెండు వర్గాలూ ఒకే విధంగా కొంటున్నట్లయితే వాటిని వేరుచేయడం వృథా.

== స్థాననిర్ధారణలోని అంశాలు ==

ఒక బ్రాండ్ స్థానాన్ని ఒకటి రెండు వాక్యాలలో చెప్పగలగాలి. అందులో నాలుగు అంశాలు ఉంటాయి: ఎవరికోసం, ఏ రకపు వస్తువు, పోటీదారులకంటె ఏమి మేలు, ఆ మేలును నమ్మడానికి ఆధారమేమి. చివరి అంశాన్ని చాలామంది విస్మరిస్తారు. నమ్మకానికి ఆధారం వస్తువులోనే ఉండాలి గాని ప్రకటనలో కాదు.

స్థానం విషయంలో మరొక చిక్కు కూడా కలదు. తెలుగు ఇళ్ళలో బట్టల సబ్బుపొడినంతటినీ "సర్ఫు" అనడం వాడుక. కిరాణా కొట్టులో సర్ఫు అడిగినవారికి దుకాణదారు వేరొక పేరుగల పొడిని ఇవ్వడమూ, వారు దానిని తీసుకొనిపోవడమూ సామాన్యమే. పేరు జాతివాచకంగా మారడం ప్రసిద్ధికి గుర్తే అయినా, ఆ పేరుకు మాత్రమే చెందిన ప్రత్యేకార్థం చెరిగిపోతుంది. అందరికీ తెలియడం వేరు, స్థానం పొందడం వేరు.

== ఉదాహరణ: సర్ఫ్, నిర్మా, వీల్ ==

=== సర్ఫ్ ఆధిపత్యం, నిర్మా రాక ===

హిందూస్థాన్ లీవర్ సంస్థ 1959లో సర్ఫ్ పొడిని భారతదేశంలో ప్రవేశపెట్టినది. పట్టణాల మధ్యతరగతి, ఉన్నత తరగతి గృహిణులు దాని కొనుగోలుదారులు. దేశంలోని అధికసంఖ్యాకులు అప్పటికి చవక బిళ్ళసబ్బులతోనే ఉతుక్కొనేవారు. పొడి వాడగలవారు, వాడలేనివారు అనే విభజన ధర వలన దానంతట అదే ఏర్పడినది. ఆ రెండవ వర్గాన్ని ఏ పెద్ద సంస్థా మార్కెట్‌గా పరిగణించలేదు.

గుజరాత్ ప్రభుత్వ గనుల శాఖలో రసాయన నిపుణుడుగా పనిచేస్తున్న కర్సన్‌భాయ్ పటేల్ 1969లో అహ్మదాబాదులో తన ఇంటివద్ద ఒక పసుపురంగు పొడిని తయారుచేసి, సైకిలుపై ఇంటింటికీ తిరిగి అమ్మాడు. కుమార్తె నిరుపమ పేరు మీదుగా దానికి నిర్మా అని పేరుపెట్టాడు. కిలో ధర సుమారు 3 రూపాయలు. పేరున్న పొడుల ధర అంతకు అనేక రెట్లు ఉండేది. అందులో సోడా యాష్ పాలు ఎక్కువ. పరిమళం, తెల్లదనాన్నిచ్చే పదార్థాలు లేవు. చిన్న పరిశ్రమలకు లభించే ఎక్సైజు పన్ను రాయితీ కూడా తోడ్పడినది. అంటే నిర్మా కేవలం తక్కువ ధరను ప్రకటించలేదు. ఆ ధరకు అమ్మి కూడా లాభం పొందగల వ్యయ నిర్మాణాన్ని ఏర్పరచుకొన్నది. తరువాతి కాలంలో సోడా యాష్ వంటి ముడిసరుకులను కూడా సొంతంగా తయారుచేయసాగినది. రేడియో, టెలివిజన్ ప్రకటనల పాట వలన ఆ పేరు పిల్లలకు సైతం కంఠస్థమైనది. 1980ల మధ్యనాటికి అమ్మిన సరుకు పరిమాణంలో నిర్మా సర్ఫ్‌ను మించిపోయినది.

=== లలితాజీ సమాధానం ===

ధర తగ్గించి పోటీపడితే సర్ఫ్ తన లాభాన్ని, గౌరవాన్ని రెండింటినీ పోగొట్టుకొనేది. 1980లలో లింటాస్ ప్రకటన సంస్థకు చెందిన అలెక్ పదంసీ పర్యవేక్షణలో లలితాజీ అనే పాత్ర రూపొందినది. కవితా చౌదరి ఆ పాత్రను ధరించింది. లలితాజీ బేరమాడే మనిషి, కూరగాయలు సైతం ఏరి కొనే ఇల్లాలు. అటువంటి వ్యక్తి ఖరీదైన పొడిని కొనడానికి కారణం చెబుతుంది: అరకిలో సర్ఫ్, కిలో చవక పొడి చేసే పనిని చేస్తుంది. చవక సరుకు వేరు, మంచి సరుకు వేరు అన్నది ఆమె మాటల సారం. ఈ విధంగా సర్ఫ్ "ధనికుల పొడి" అనే స్థానం నుండి "తెలివిగలవారి పొడి" అనే స్థానానికి జరిగినది.

ఈ ప్రచారం మధ్యతరగతిని చాలావరకు నిలుపుకొన్నది. కాని ఒకేసారి కిలో పొడికి కూడా డబ్బు పెట్టలేని కుటుంబానికి ఈ తర్కం వర్తించదు. వేరొక వర్గానికి వేరొక వస్తువు అవసరమని సంస్థ గ్రహించినది.

=== వీల్ ప్రవేశం ===

1987లో హిందూస్థాన్ లీవర్ వీల్ అనే చవక పొడిని విడుదల చేసినది. దానికి సర్ఫ్ పేరును తగిలించలేదు. తగిలించి ఉంటే సర్ఫ్ స్థానం దెబ్బతినేది. సోడా ఎక్కువైన పొడులతో ఉతికినపుడు చేతులు మండుతాయనే ఫిర్యాదును ఆధారం చేసుకొని, తక్కువ ధరకే చేతులకు హాని తక్కువైన పొడిగా వీల్‌ను నిలబెట్టినది. ఆచార్య సి.కె. ప్రహ్లాద్ పేదల మార్కెట్లపై చేసిన రచనలలో ఈ ఉదంతాన్ని చర్చించాడు. నదులలో, చెరువులలో ఉతికేవారిని దృష్టిలో పెట్టుకొని పొడి కూర్పును మార్చడం, ఉత్పత్తిని, పంపిణీని వికేంద్రీకరించడం, వేలాది చిన్న దుకాణాలకు సరుకు చేర్చడం ఇందులోని ముఖ్యాంశాలు.

ఆ తరువాత సంస్థ పొడులు ఒక నిచ్చెనవలె అమరినవి.

* '''సర్ఫ్ ఎక్సెల్''': పై మెట్టు, మొండి మరకలను పోగొట్టే పొడి.
* '''రిన్''': మధ్య మెట్టు, 1969లో బిళ్ళగా వచ్చిన పేరు, తెల్లదనం దాని గుర్తు.
* '''వీల్''': క్రింది మెట్టు, తక్కువ ధరలో శ్రమ తగ్గించే పొడి.

2005లో మొదలైన సర్ఫ్ ఎక్సెల్ ప్రచారం మరొక మార్పును సూచిస్తుంది. ఇతరులకు సాయపడుతూ పిల్లవాడు బట్టలు మాపుకొంటే ఆ మరక మంచిదే అన్నది దాని భావం. ఇక్కడ విభజనకు ఆధారం ఆదాయం మాత్రమే కాదు, పిల్లల పెంపకంపై తల్లి వైఖరి కూడా. ప్రత్యర్థులందరూ మరకను శత్రువుగా చూపుతుండగా ఈ పొడి ఒక్కటే దానిని మన్నించినది. 2022లో సర్ఫ్ ఎక్సెల్ వార్షిక అమ్మకాలు వంద కోట్ల డాలర్లను దాటినవి. అయితే క్రింది మెట్టుపై ఎవరి స్థానమూ శాశ్వతం కాలేదు. కాన్పూరుకు చెందిన ఘడీ పొడి 2010ల ఆరంభానికే వీల్‌కు గట్టి పోటీదారుగా ఎదిగినది.

== విభజన సరియై, స్థానం తప్పిన ఉదంతం ==

2008 జనవరిలో ఢిల్లీ వాహన ప్రదర్శనలో టాటా మోటార్స్ నానో కారును ఆవిష్కరించినది. ఒకే స్కూటరుపై నలుగురు కుటుంబసభ్యులు వర్షంలో ప్రయాణించడం చూసి రతన్ టాటాకు ఈ ఆలోచన కలిగినది. ద్విచక్రవాహనం నుండి కారుకు మారదలచిన కుటుంబం అనే లక్ష్య విభాగం స్పష్టమైనది, పెద్దది. కాని లక్ష రూపాయల కారుగా, ప్రపంచంలోకెల్లా చవక కారుగా దానికి పేరు స్థిరపడినది.

స్కూటరు కుటుంబానికి కారు కేవలం రవాణా సాధనం కాదు. నలుగురిలో తలెత్తుకొనే గుర్తు. ఇంటిముందు నిలిపిన కారు యజమాని పేదరికాన్ని చాటుతున్నదనిపిస్తే, ఎంత చవకైనా దానిని కొనడానికి మనసొప్పదు. సింగూరు భూవివాదం వలన కర్మాగారం గుజరాత్‌లోని సానంద్‌కు తరలడం, కొన్ని కార్లకు నిప్పంటుకొన్న వార్తలు కూడా నష్టం కలిగించినవి. ఏడాదికి రెండున్నర లక్షల కార్లు తయారుచేయగల కర్మాగారం ఉండగా, అత్యధికంగా అమ్ముడైన 2011-12లోనూ అమ్మకాలు సుమారు 74 వేలు మాత్రమే. చవక కారు అనే ముద్ర దురదృష్టకరమని రతన్ టాటా స్వయంగా 2013లో అంగీకరించాడు. 2018లో ఉత్పత్తి ఆగిపోయినది.

లలితాజీని నానోతో పోల్చినపుడు ఒక విషయం బోధపడుతుంది. ఇద్దరు కొనుగోలుదారులకూ డబ్బు విలువ తెలుసు. ఒకరికి "నీవు తెలివైనదానివి" అని చెప్పడం జరిగినది. మరొకరికి "నీకు ఇంతకు మించి స్తోమతు లేదు" అని వినిపించినది. విభాగం పేరు సంస్థ లెక్కల పుస్తకంలో ఉండవచ్చును గాని, వస్తువుపై కనిపించకూడదు.

== ఆధిక్యం నిలిచే విధానం ==

ప్రకటనను అనుకరించడం సులభం. ధరను తగ్గించడం కూడా కొంతకాలం సాధ్యమే. కాని అన్ని పనులూ ఒకే స్థానానికి కట్టుబడి ఉన్న సంస్థను అనుకరించడం కష్టం. 1996లో వ్రాసిన ఒక వ్యాసంలో పోర్టర్ దీనిని నొక్కిచెప్పాడు. ఏది చేయకూడదో నిర్ణయించుకోవడమే వ్యూహంలోని సారమని ఆయన అభిప్రాయం. సర్ఫ్ వెనుక ఉన్న ఖర్చుతో నిర్మా ధరకు అమ్మడం సాధ్యం కాదు. నిర్మా పేరుతో సర్ఫ్ ధర పొందడం అంతకంటె కష్టం. అందుకే ప్రత్యర్థి స్థానానికి చేరడానికి కొత్త పేరు, కొత్త కూర్పు, కొత్త పంపిణీ అన్నీ అవసరమైనవి.

== పరిమితులు, విమర్శలు ==

విభాగాలు స్థిరమైనవి కావు. ఆదాయం పెరిగినపుడు, వాషింగ్ మెషీను ఇంటికి వచ్చినపుడు ఒకే కుటుంబం ఒక విభాగం నుండి మరొకదానికి మారుతుంది. మరీ చిన్న విభాగాలుగా చీల్చితే ఒక్కొక్కదానికయ్యే ఖర్చు లాభాన్ని మించుతుంది.

స్థాననిర్ధారణ సమాజంలోని దురభిప్రాయాలను పెట్టుబడిగా వాడుకోగలదు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము, మేనిఛాయ తెల్లబడితే పెళ్ళి, ఉద్యోగం లభిస్తాయన్న భావాన్ని దశాబ్దాలపాటు ప్రకటనలలో చూపినది. తీవ్ర విమర్శల తరువాత 2020లో దాని పేరు గ్లో అండ్ లవ్లీగా మారినది. వర్గాన్ని సరిగా గుర్తించడం, దాని మనస్సులో చోటు సంపాదించడం వ్యాపార విజయానికి సరిపోవచ్చు. ఆ చోటు కొనుగోలుదారుని ఆత్మగౌరవాన్ని పెంచి పొందినదా, దానిని గాయపరచి పొందినదా అన్న ప్రశ్న మాత్రం అమ్మకాల లెక్కలతో తేలేది కాదు.