పాత కారు ఇచ్చి కొత్త కారు కొనేటప్పుడు: ధర కట్టే లెక్క, సరిహద్దు వాసుల జాగ్రత్తలు

అహేరి తాలూకాలో, ఆలాపల్లి నుంచి సిరోంచకు సాగే దారిలో జిమల్‌గట్ట ఉంది. ఆ ప్రాంతం నుంచి చదువుకో ఉద్యోగానికో చంద్రపూర్, నాగపూర్, హైదరాబాద్ వంటి నగరాలకు చేరిన తెలుగు కుటుంబాలకు కారు ఒక్క నగర అవసరమే కాదు. పండుగకు, పెళ్లికి, ఆస్పత్రి పనికి ఊరికి పోయి రావడానికీ అదే ఆధారం. కొన్నాళ్లకు ఆ కారును ఊరిలోని తల్లిదండ్రుల దగ్గర విడిచి రావడమూ పరిపాటి. అది పాతబడిన తరువాత షోరూములో ఇచ్చి కొత్తది తీసుకోవాలని వెళ్లినప్పుడు, అక్కడ చెప్పిన ధర విని యజమాని చిన్నబుచ్చుకోవడం తరచుగా కనిపిస్తుంది. డీలరు ఆ ధరకు ఎలా చేరుకున్నాడో తెలిస్తే, అందులో ఏది న్యాయమైన కోత, ఏది బేరమాడదగినది, ఏది యజమాని ముందుగానే సరిచేసుకోగలిగినది అన్న సంగతి స్పష్టమవుతుంది.

లెక్క మొదలయ్యే చోటు

యజమాని తాను కారు కొన్న ధర నుంచి లెక్క మొదలుపెడతాడు. డీలరు ఆ కారును తరువాత కొనబోయే వ్యక్తి ఎంత ఇస్తాడన్న అంచనా నుంచి మొదలుపెడతాడు. ఆ మొత్తం నుంచి మరమ్మతుల ఖర్చు, కారు అమ్ముడుపోయే వరకు నిలిపి ఉంచినందుకు అయ్యే ఖర్చు, కాగితాల ఖర్చు, పన్ను, తన లాభం తీసివేయగా మిగిలినదే యజమానికి చెప్పే ధర.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. తరువాతి కొనుగోలుదారు ఒక కారుకు 3,60,000 రూపాయలు ఇస్తాడని డీలరు అంచనా వేశాడనుకుందాం. నాలుగు టైర్లకు 18,000, డెంటింగ్, పెయింటింగ్ పనికి 12,000, బ్యాటరీకి, సర్వీసుకు 8,000 కలిపి మరమ్మతులకు 38,000 అవుతుంది. కాగితాలకు, నిలుపుదలకు 10,000, డీలరు లాభం 25,000, పన్ను సుమారు 13,000. ఇవన్నీ తీసివేస్తే 2,74,000 మిగులుతుంది. ఈ అంకెలు విషయం తెలపడానికి మాత్రమే. లెక్క నడిచే తీరు మాత్రం ఇదే.

ఇందులోని పన్నును గురించి చాలామందికి అపోహ ఉంది. 2024 డిసెంబరు 21న జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ మండలి సమావేశం పాత వాహనాల అమ్మకంపై 18 శాతం రేటును సిఫారసు చేసింది. నమోదైన వ్యాపారి దానిని కారు మొత్తం ధరపై కట్టడు. కొన్న ధరకు, అమ్మిన ధరకు నడుమ ఉన్న తేడాపై మాత్రమే కడతాడు. జీఎస్టీ నమోదు లేని సామాన్యుడు తన సొంత కారును అమ్ముకుంటే ఈ పన్ను వర్తించదు. కనుక కారు విలువ మొత్తంపై 18 శాతం జీఎస్టీ పేరుతో కోత పెట్టినట్లయితే, ఆ కోతను ప్రశ్నించే హక్కు యజమానికి ఉంది.

వయస్సు, పరుగు, చేతులు మారిన సంఖ్య

అంచనాకు తొలి ఆధారం కారు వయస్సు. డీలరు రిజిస్ట్రేషన్ తేదీతో పాటు తయారైన నెలను, సంవత్సరాన్ని కూడా చూస్తాడు. డిసెంబరులో తయారై జనవరిలో నమోదైన కారు కాగితాలపై ఒక సంవత్సరం చిన్నదిగా కనిపించినా, బజారులో దాని వయస్సును తయారీ సంవత్సరం నుంచే లెక్కిస్తారు.

వయస్సు వల్ల విలువ ఎంత తరుగుతుందో స్థూలంగా తెలుసుకోవడానికి బీమా పాలసీ ఒక కొలబద్ద. బీమాలో వాహన విలువ లెక్కించేందుకు వాడుకలో ఉన్న పట్టిక ప్రకారం, ఆరు నెలల లోపు వాహనానికి 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50 శాతం తరుగు తీస్తారు. అటుపైన విలువను బీమా సంస్థ, యజమాని పరస్పర అంగీకారంతో నిర్ణయించుకుంటారు. డీలరు ఈ పట్టికకు కట్టుబడనవసరం లేదు. గిరాకీ ఉన్న మోడలుకు అంతకంటే ఎక్కువ పలకవచ్చు. తయారీ నిలిచిపోయిన మోడలుకు తక్కువ పలకవచ్చు.

కొత్త కారు ధర మారినప్పుడల్లా పాత కారు ధర కూడా కదులుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. సెస్సు కూడా తొలగిపోయింది. కొత్త కారే మునుపటికంటే చౌకగా దొరుకుతున్నప్పుడు, అదే మోడల్ పాత కారుకు వెనుకటి ధర ఇచ్చేవారు ఉండరు. ఆ తేదీకి ముందు పొరుగువారికి వచ్చిన ధరను ఇప్పుడు ప్రమాణంగా తీసుకోవడం అందుకే సరికాదు.

ఇక కారు ఎన్ని చేతులు మారిందన్నది ఆర్‌సీలో స్పష్టంగా ఉంటుంది. మొదటి యజమాని చేతిలోనే ఉన్న కారుకు, అదే వయస్సు గల మూడో యజమాని కారుకు ధరలో తేడా తప్పదు.

పరిశీలకుడు ఏమి చూస్తాడు

మీటరులో ఉన్న కిలోమీటర్లను అనుభవజ్ఞుడైన పరిశీలకుడు వెంటనే నమ్మడు. సర్వీసు రికార్డుతో పోల్చి చూస్తాడు. క్లచ్, బ్రేకు పెడళ్ల రబ్బరు అరుగుదలను, స్టీరింగ్ నునుపును గమనిస్తాడు. టైరు పక్కభాగంలో నాలుగు అంకెలుంటాయి; మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2321 అని ఉంటే అది 2021లో 23వ వారంలో తయారైన టైరు. ఇరవై వేల కిలోమీటర్లే తిరిగిందంటున్న కారుకు నాలుగు టైర్లూ మార్చినట్లు కనిపిస్తే అనుమానం కలగడం సహజం.

ప్రమాదం జరిగిన గుర్తులను బానెట్, తలుపుల బోల్టుల వద్ద వెదుకుతారు. బోల్టుపై రంగు చెదిరి ఉంటే దానిని ఎప్పుడో విప్పారన్నమాట. అద్దాలపై ముద్రించిన తయారీ సంకేతాలలో ఒక్కటి వేరుగా ఉంటే ఆ అద్దం మారిందని అర్థం. రంగు మందాన్ని కొలిచే చిన్న పరికరం, ఏ భాగానికి మళ్లీ రంగు వేశారో చెబుతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి స్టార్టు చేయడం ముఖ్యమైన పరీక్ష. ముందే వేడెక్కిన ఇంజను కొన్ని లోపాలను దాచిపెడుతుంది గనుక, కొందరు పరిశీలకులు ఇంటికే వచ్చి చూస్తామంటారు.

గోదావరి, ప్రాణహితల తీరం నుంచి వచ్చిన కారుకు మరొక పరీక్ష ఉంటుంది. 2022 జూలై వరదలలో సిరోంచ ప్రాంతం నీట మునిగిన సంగతి తెలిసిందే. నీటిలో నిలిచిన కారును ఎంత శుభ్రపరచినా, సీటు బెల్టును చివరి వరకు లాగితే బురద గీత బయటపడవచ్చు; కార్పెట్ కింద ఒండ్రు, సీటు పట్టాల బోల్టులకు తుప్పు కనిపించవచ్చు. వరదలో చిక్కని కారు అయితే, ఆ కాలపు సర్వీసు రసీదులు, బీమా రికార్డు వెంట ఉంచుకుంటే ఈ అనుమానం తొలగిపోతుంది.

చిన్న గీతలకు, సొట్టలకు ముందుగా వేలు ఖర్చు చేయడం సాధారణంగా లాభసాటి కాదు. ఆ పని డీలరుకు తక్కువలో పూర్తవుతుంది. కారును కడిగి, లోపల శుభ్రపరచి, వెలగని దీపం మార్చి, రెండో తాళం చెవి వెదికి పెట్టుకుంటే సరిపోతుంది.

సరిహద్దులో నంబరు ప్లేటు విలువ

జిమల్‌గట్ట వంటి సరిహద్దు ప్రాంతాల వారికి ధరలో పెద్ద తేడా తెచ్చేది నంబరు ప్లేటు. గడ్చిరోలి జిల్లా కార్లు ఎం.హెచ్. 33తో, చంద్రపూర్ కార్లు ఎం.హెచ్. 34తో మొదలవుతాయి. తెలంగాణలో 2014 జూన్ తరువాత టి.ఎస్., 2024 మార్చి నుంచి టి.జి. సంకేతాలు వచ్చాయి. సిరోంచ నుంచి గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం. జిల్లా కేంద్రమైన గడ్చిరోలి మాత్రం సుమారు 200 కిలోమీటర్ల దూరం. అందువల్ల మంచిర్యాల, కరీంనగర్ షోరూములే దగ్గరగా తోస్తాయి.

అయితే మహారాష్ట్ర కారును తెలంగాణ షోరూములో ఇస్తే, దానిని అక్కడి కొనుగోలుదారుకు అమ్మడానికి గడ్చిరోలి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం, అంటే ఎన్‌వోసీ, తెప్పించాలి. కొత్త రాష్ట్రంలో కారు వయస్సును బట్టి పన్ను కట్టి, కొత్త నంబరు తీసుకోవాలి. ఈ ఖర్చును, ఆలస్యాన్ని డీలరు ముందే ధరలో తీసివేస్తాడు. అదే కారును చంద్రపూర్‌లోనో నాగపూర్‌లోనో చూపిస్తే ఈ కోతకు కారణమే ఉండదు. కనుక కారు ఏ రాష్ట్రంలో నమోదైందో ఆ రాష్ట్రపు షోరూములలో ముందుగా ధర తెలుసుకోవడం మేలు.

హైదరాబాదులో కొన్న కారును ఊరిలో విడిచిన కుటుంబాలు మరొక నియమం గమనించాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 47వ సెక్షన్ ప్రకారం, ఒక రాష్ట్రంలో నమోదైన వాహనాన్ని మరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే, అక్కడ కొత్త నంబరుకు దరఖాస్తు చేసుకోవలసి ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ పని చేయని కారు బేరానికి వచ్చినప్పుడు ఆ బాకీ అంతా ధరలోనే కోతగా మారుతుంది.

బోనస్ వేరు, ధర వేరు

షోరూములో చెప్పే ఎక్స్ఛేంజ్ బోనస్ పాత కారు విలువలో భాగం కాదు. అది కొత్త కారు అమ్మకం పెంచుకోవడానికి ఇచ్చే రాయితీ. కొందరు విక్రేతలు పాత కారుకు ఎక్కువ ధర చూపి, కొత్త కారుపై ఇచ్చే తగ్గింపును కుదిస్తారు. అందువల్ల పాత కారు ధర, బోనస్, కొత్త కారు తగ్గింపు, బీమా, ఇతర ఖర్చులు విడివిడిగా రాయించుకుని, చివరికి చేతి నుంచి పోయే మొత్తం ఎంతో చూడాలి. రెండు షోరూములను పోల్చదగినది ఆ చివరి అంకెతోనే. షోరూముతో సంబంధం లేని పాత కార్ల వ్యాపారి వద్ద కూడా ఒక ధర తీసుకుంటే బేరానికి బలం చేకూరుతుంది.

బీమాలోని నో క్లెయిమ్ బోనస్ యజమానికి చెందుతుంది, కారుకు కాదు. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా గడిస్తే సొంత నష్టం ప్రీమియంలో అది 50 శాతం వరకు చేరుతుంది. పాత కారు ఇచ్చేటప్పుడు బీమా సంస్థ నుంచి దాని ధ్రువపత్రం తీసుకుంటే కొత్త కారు బీమాకు వాడుకోవచ్చు. దీనిని మరచినవారు వేల రూపాయలు నష్టపోతారు.

కారు పోయినా పేరు మిగిలితే

ధరకంటే పెద్ద చిక్కు ఇక్కడ ఉంది. కారు డీలరు చేతికి పోయి, ఆర్‌సీలో పాత యజమాని పేరే నిలిచి ఉంటే, ఆ తరువాత జరిగే ప్రమాదానికి ఎవరు బాధ్యులు? 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నకు సమాధానమిచ్చింది. కారు చేతులు మారినా, రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే చట్టం దృష్టిలో వారే యజమాని అని, నష్టపరిహార బాధ్యత వారిదేనని తీర్పు చెప్పింది. ఎన్నడూ చూడని డ్రైవరు చేసిన ప్రమాదానికి ఒక కుటుంబం లక్షలు చెల్లించవలసి రావచ్చునన్నమాట.

ఈ చిక్కును తగ్గించడానికి కేంద్రం నిబంధనలు సవరించింది. అవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం పాత వాహనాల డీలరు రవాణా శాఖ నుంచి అధీకృత ధ్రువపత్రం పొందాలి. కారు అప్పగించేటప్పుడు యజమాని, డీలరు కలిసి ఫారం 29సి ద్వారా ఆ విషయాన్ని పోర్టల్‌లో తెలియజేయాలి. అప్పటి నుంచి ఆ కారుకు డీలరే యజమానిగా పరిగణింపబడతాడు. ఆ సమాచారం నమోదైనట్లు వచ్చే రసీదును భద్రపరచుకోవాలి.

డీలరు అధీకృతుడు కాకపోతే, లేదా కారు నేరుగా మరొకరికి అమ్మితే, పాత పద్ధతే వర్తిస్తుంది. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజులలో, మరొక రాష్ట్రానికి అయితే ఎన్‌వోసీతో 45 రోజులలో, రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. ఖాళీ ఫారాలపై సంతకాలు చేసి, ‘మిగతాది వారే చూసుకుంటారు’ అని వచ్చేయడం అన్నిటికంటే ప్రమాదకరం.

షోరూముకు పోయే ముందు

ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం చెల్లుబాటులో ఉన్నాయో లేదో చూసుకోవాలి. పెండింగ్ చలానాలు పరివాహన్ పోర్టల్‌లో తెలుస్తాయి; వాటిని ముందే కట్టేయాలి. కారుపై అప్పు తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉంటే, బ్యాంకు ఎన్‌వోసీతో పాటు ఫారం 35 ఇచ్చి దానిని తొలగించాలి. పదిహేనేళ్లు నిండుతున్న కారు అయితే రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు అయ్యే ఖర్చు కూడా ధరను తగ్గిస్తుందని గుర్తుంచుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ రుసుము కార్లకు 5,000 రూపాయలు.

కారు అప్పగించిన రోజున కిలోమీటర్ల అంకె, తేదీ, సమయం రాసిన అప్పగింత పత్రం తీసుకోవాలి. ఫాస్టాగ్‌ను మూసివేయించాలి, లేకుంటే ఇతరుల ప్రయాణాలకు టోలు రుసుము పాత యజమాని ఖాతా నుంచే పోతుంది. నెల రోజుల తరువాత పరివాహన్‌లో ఆ నంబరు ఎవరి పేరున ఉందో మరొకసారి చూసుకోవాలి. తన పేరు తొలగినట్లు కనిపించిన నాటికే ఆ బేరం పూర్తయినట్లు యజమాని భావించవచ్చు.