హంపీ దారిలో జొన్నరొట్టె

విడపనకల్లు: ఆశ్వయుజ, కార్తీక మాసాలు శరదృతువు. కవులకు ఈ ఋతువు అనగానే పండు వెన్నెల గుర్తుకు వస్తుంది. విడపనకల్లు పరిసరాల నల్లరేగడి పల్లెలకు మాత్రం గుర్తుకు వచ్చేది పదును. హస్త, చిత్త కార్తెలలో ఒక మంచి వాన పడితే పప్పుశనగ విత్తనం భూమిలో పడుతుంది. పడకపోతే ఆకాశం వంక చూస్తూ కూర్చోవలసిందే. ఎర్రనేలల్లో చెనిక్కాయ పీకుడు, సజ్జ కోతలు సాగేదీ ఈ రోజుల్లోనే. పనుల మధ్య దొరికే నాలుగు రోజుల తీరికలో చేయదగినవి మూడున్నాయి. ఒకటి రొట్టె, రెండు పుస్తకం, మూడు ప్రయాణం. ఈ మూడింటికీ విడదీయరాని చుట్టరికం ఉన్నది.

పెనం మీద విద్య

జొన్నరొట్టె చేయడం చూసేవారికి తేలిక. చేసేవారికే దాని కష్టం తెలుస్తుంది. గోధుమపిండికి ఉన్న సాగే గుణం జొన్నపిండికి లేదు. చన్నీళ్లతో కలిపితే అంచులు పగులుతాయి. అందుకే మన పెద్దలు మరిగే నీళ్లు పోస్తారు. ఆ వేడికి పిండి కొంత ఉడికి జిగురు వస్తుంది. చెయ్యి ఓర్చుకునేంత వేడికి వచ్చాక అరచేతితో బాగా మెదపాలి. పిండి అంతా ఒక్కసారే కలిపి ఉంచరాదు. రొట్టెకు రొట్టెకు కలుపుకోవాలి.

తట్టిన రొట్టెను పెనం మీద వేయగానే పైభాగాన తడిగుడ్డతో నీళ్లు పూస్తారు. అంటుకొని ఉన్న పొడిపిండి తడిసి పగుళ్లు రాకుండా ఉంటుంది. ఆ తడి ఆరే సమయానికి తిప్పాలి. చివరకు నిప్పుల సెగ చూపితే రొట్టె పూరీవలె పొంగుతుంది. పిండి తాజాగా ఉండాలి. పాతపడిన పిండి చేదెక్కుతుంది, రొట్టె విరుగుతుంది. వారానికి సరిపడా మాత్రమే మరపట్టించడం మంచిది.

ఒంటరి చేను కష్టం

ఇంత విద్య తెలిసిన చేతులు ఇప్పుడు ఇంటికి ఒక్కటైనా ఉన్నాయా అన్నది ప్రశ్న. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. పేదవాని ఇంట అన్నం ఉడికింది. అది మేలే. కాని రొట్టె వెనకబడింది. తరువాత నల్లరేగడిలో జొన్న ఉండిన చోటకు పప్పుశనగ వచ్చింది. అమ్మితే డబ్బు చేతికి వచ్చే పంటను రైతు ఎంచుకోవడంలో తప్పు లేదు.

అయితే జొన్న పోతే గింజ ఒక్కటే పోదు. చొప్ప పోతుంది. చొప్ప లేక పశువు పోతుంది. మళ్లీ జొన్న వేద్దామనుకున్న రైతుకు మరొక చిక్కు ఎదురవుతుంది. ఊరంతా జొన్న వేసిన నాడు పిట్టలు అందరి చేలలోనూ తలా కాస్త తినేవి. ఒక్కడే వేస్తే పిట్టలన్నీ ఆ ఒక్కడి చేను మీదే వాలతాయి. ఒంటరిగా వెనక్కు వెళ్లడానికి దారి లేని పంట ఇది. భారతదేశం ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆ సంవత్సరం గడిచిపోయింది. పిట్టల సమస్య మాత్రం గట్టు మీదే ఉన్నది.

చదవదగిన పుస్తకం

మన ఉమ్మడి జిల్లా బిడ్డ తిరుమల రామచంద్ర పేరు పల్లెల్లో తెలియవలసినంతగా తెలియదు. 1913లో ధర్మవరం ప్రాంతంలో పుట్టిన ఆయన పండితుడు, పాత్రికేయుడు, వ్రాతప్రతుల పరిశోధకుడు. ఒక మాట చెవిన పడితే అది ఎక్కడ పుట్టింది, ఏ దారిన వచ్చింది అని ఆరా తీయకుండా ఉండేవారు కారు. ఆయన ఆత్మకథ ‘హంపీ నుంచి హరప్పా దాక’. ఆయన 1997లో కన్నుమూశారు. ఆ గ్రంథానికి 2001లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది.

ఆయన మాటలను అడిగిన ప్రశ్నను మనం కంచాన్ని అడుగుదాం. జొన్న పుట్టింది ఆఫ్రికాలో. వేల ఏళ్ల క్రితమే సముద్రం దాటి మన దేశం చేరింది. ఊరుబిండిలోని చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు అమెరికా ఖండాలవి. పోర్చుగీసువారు సముద్రమార్గాన మన దేశానికి వచ్చిన తరువాతనే అవి మనకు అందాయి. మొదటి నుంచీ ఈ దక్షిణ దేశంలో ఉన్నవి ఉలవలు, పెసలు, అండుకొర్రల వంటివి. ఒక రొట్టె, ఒక ఊరుబిండి ముద్దలో మూడు ఖండాల ప్రయాణం ఉన్నదన్నమాట.

బస్సెక్కితే చాలు

హరప్పా నేడు పాకిస్తాన్‌లో ఉన్నది. హంపీ మాత్రం మన పొరుగునే ఉన్నది. విడపనకల్లు నుంచి బళ్లారి చేరితే, ఆ పట్టణం పక్కనే సంగనకల్లు కొండలున్నాయి. వేల ఏళ్ల క్రితం అక్కడ రాతిగొడ్డళ్లు చేసుకుని, పశువులు మేపుకుని, రాతి మీద గింజలు నూరుకుని బతికిన జనం ఉండేవారు. ఉలవ, పెసర, అండుకొర్ర గింజలు ఆ ప్రాంతపు తవ్వకాలలోనే దొరికాయి. రోలు, తిరగలి వాడిన ఇంటివారికి అక్కడి నూరుడు గుంటలు చూస్తే ఎవరూ వివరించనక్కరలేదు.

అక్కడి నుంచి హొసపేట, ఆ తరువాత 13 కిలోమీటర్లలో హంపీ. 2021 నుంచి అది కర్ణాటకలోని విజయనగర జిల్లాలోనిది. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఇక్కడి దసరా ఉత్సవాలను కళ్లారా చూసి వ్రాశాడు. మహానవమి దిబ్బ గోడల మీద ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్లు, నాట్యకత్తెలు నేటికీ ఉన్నారు. పేస్ తన వ్రాతలో వైభవాన్నే కాదు, ఈ దేశంలో పండే వరిని, జొన్నను, వాననీటితో నిండే చెరువులను కూడా పేర్కొన్నాడు. రాజుల కథ 1565తో తారుమారైంది. జొన్న తినే రైతు కథ మాత్రం మన పెనం దాకా వచ్చింది.

ఈ కార్తీకంలో

నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. దగ్గరి శాఖా గ్రంథాలయంలో రామచంద్ర పుస్తకం ఉన్నదేమో అడగండి. లేకుంటే తెప్పించమని వ్రాసి ఇవ్వండి. సెలవుల్లో పిల్లలను ఒకసారి హంపీకి తీసుకుపోండి. మూటలో నాలుగు జొన్నరొట్టెలు కట్టుకుంటే దారిలో హోటలు వెతుక్కోవలసిన పని లేదు.

ఇంటికి వచ్చాక అవ్వ పక్కన కూర్చుని, ఆడపిల్లే కాదు, మగపిల్లవాడు కూడా ఒక రొట్టె తట్టడం నేర్చుకోవాలి. రైతు సోదరులు ఒకే గట్టు పొడవునా పదిమంది కలిసి తలా అర ఎకరమో ఎకరమో జొన్న వేసుకుంటే పిట్టల బాధా తగ్గుతుంది, చొప్పా మిగులుతుంది. చెయ్యి తిరిగిన అవ్వలు, విత్తనం దాచిన ఇళ్లు ఉండగానే ఇది జరగాలి. వారి తరం దాటిపోతే ఈ విద్య ఏ పుస్తకంలో వెతికినా చేతికి రాదు.