ఆట ముందా, పాఠము ముందా?

బడి విడిచి యింటికి వచ్చిన బాలుడు పుస్తకముల సంచిని గడప లోపల పడవైచి, కాళ్లైనను కడుగుకొనక, తల్లి యిచ్చిన జంతికలను గుప్పిట పట్టుకొని వీథిలోనికి పరుగెత్తుట మన యిండ్లలో ప్రతి సాయంకాలమును జరుగునదే. "ముందు హోంవర్కు చేసి, ఆ తరువాత ఆడుకో" అని తల్లి కేకవేయును. "వచ్చి రాస్తానమ్మా" అను జవాబు సందు మలుపునుండి వినవచ్చును. దీనిని కొందఱు సోమరితన మందురు. కొందఱు మొండితన మందురు. ఇంటి పెద్దలు తల్లి గారాబ మందురు. సోదరీమణులు తీర్పు చెప్పుటకు ముందు పిల్లవాని పక్షముకూడ కొంత వినవలెనని మేము కోరుచున్నాము.

మొదట గడియారమును చూతము. హైదరాబాదు నగరమున డిసెంబరు నెలలో ఆఱుగంటలు కాకమునుపే సూర్యుడస్తమించును. జూను నెలలోనైనను ఏడుగంటలకు లోపే. నాలుగు దాటిన తరువాత బడి విడిచి, బస్సులోనో ఆటోలోనో యిల్లు చేరిన బిడ్డకు చలికాలమున మిగులు పగటివెలుతురు గంట, మహా అయిన గంటంబావు. దీపము క్రింద కూర్చుండి లెక్కలు చేయవచ్చును గాని, దీపము క్రింద కోతికొమ్మచ్చి యాడుట యెట్లు? హోంవర్కు రాత్రి భోజనమునకు ముందు ఎప్పుడైనను సాగును. ఏడుపెంకులాటకు మాత్రము వెలుతురు కావలెను, తోడిపిల్లలును కావలెను. వారు వీథిలోనుండున దా గంటసేపే. పాఠమంతయు ముగిసిన పిమ్మట, చీకటిపడినవేళ, "ఇక ఆడుకో పో" అనుట పంక్తి లేచిన తరువాత విస్తరి వేసినట్లుండును. ఈ సంగతి పిల్లలకు మనకంటె బాగుగ తెలియును.

ఈ వెలుతురు వినోదమునకే గాక కంటికిని కావలసినదే. చైనాదేశమందలి గ్వాంగ్‌ఝౌ నగరమున 2010వ సంవత్సరమున 12 ప్రాథమిక పాఠశాలలలో ఒక పరీక్ష నారంభించిరి. సగము బళ్లలో ఆఱేడేండ్ల పిల్లలను బడిదినములలో అదనముగా 40 నిమిషములు ఆరుబయట ఉంచిరి. తక్కిన బళ్లలో ఏమార్పును చేయలేదు. మూడేండ్ల తరువాత చూడగా, బయట తిరిగిన పిల్లలలో నూటికి 30 మందికిని, తక్కినవారిలో నూటికి 39 మందికి పైగాను హ్రస్వదృష్టి క్రొత్తగా కలిగియుండెను. ఈ ఫలితములు 2015లో ప్రకటింపబడినవి. పగటివెలుతురు సోకినప్పుడు కంటి లోపలి తెరలో డోపమైన్ అను పదార్థము ఊరి, కనుగ్రుడ్డు మితిమీరి పొడవు సాగకుండ ఆపునని వైద్యులు తలచుచున్నారు. చెట్టునీడ వెలుతురుకూడ గదిలోని దీపపు వెలుతురునకు అనేకరెట్లు హెచ్చు. కావున ఎండలో మాడవలసిన పనిలేదు. ఆరుబయట నుండిన చాలును. దీనికితోడు, 5 మొదలు 17 ఏండ్ల వఱకు గల పిల్లలు దినమునకు సగటున 60 నిమిషములైనను ఒళ్లు వంగి, ఊపిరి వేగిరపడునట్లు మెలగవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో మఱల చెప్పినది. తరగతిలో బల్లమీద కూర్చున్న బిడ్డకు ఆ గంట ఎచ్చట దొరకును?

ఇక రెండవ పళ్లెములోని హోంవర్కు బరువెంత? అమెరికాలో హారిస్ కూపర్ అను పండితుడును, ఆయన తోడివారును అంతకుముందు జరిగిన పరిశోధనలను కూడబెట్టి 2006లో తూచిచూచిరి. ఏడవ తరగతి మొదలుకొని పైతరగతులలో ఇంటి వ్రాతపనికిని చదువు ఫలితమునకును సంబంధము స్పష్టముగ కనబడినది. చిన్న తరగతులలో అది మిక్కిలి స్వల్పము. మనదేశమున మద్రాసు హైకోర్టు 2018లో ఒకటి, రెండు తరగతులకు హోంవర్కు కూడదనెను. కేంద్ర ప్రభుత్వపు 2020 నాటి బడిసంచుల విధానమున రెండవ తరగతి వఱకు హోంవర్కే లేదు. మూడు మొదలు ఐదు వఱకు వారమునకు రెండు గంటలు. ఆఱు మొదలు ఎనిమిది వఱకు దినమునకొక గంట. ఆపైన రెండు గంటలు. వారమునకు రెండు గంటలన్నమాటను సోదరీమణులు మఱియొకసారి చదువవలెను. నాలుగవ తరగతి పిల్లవాడు ఒక్క సోమవారమునాడే అంత వ్రాయుచున్నయెడల, అది పిల్లవాని తప్పుగాని తల్లి తప్పుగాని కాదు. తల్లిదండ్రుల సమావేశమునకు పోవునప్పుడు మార్కుల చీటీని మాత్రమే చూచి రాక, ఈ లెక్కనుకూడ మర్యాదగ ఉపాధ్యాయుల యెదుట నుంచవచ్చును. పదిమంది తల్లులు కలిసి అడిగినచో మాట చెల్లును.

అయితే వాయిదా లన్నియు ఒక్కతీరువి కావు. ఇచ్చట తల్లి కన్ను చాల నిశితముగ నుండవలెను. ఆటమీది ప్రీతిచేత పాఠమును వెనుకకు నెట్టిన పిల్లవాడు చెమటతో తిరిగివచ్చి, అన్నము కొఱకు తొందరపెట్టుచు, గొణుగుచునో పాడుచునో వ్రాసి ముగించును. పాఠముమీది భీతిచేత నెట్టినవాని తీరు వేఱు. చీకటి పడిన తరువాతను వాడు సంచి విప్పడు. మంచినీళ్లనును, పెన్సిలు ముల్లు విఱిగెననును, కడుపునొప్పి యనును. తోడిపిల్లలందఱు ఇండ్లకు పోయినను ఒంటరిగ గోడవద్ద బంతి కొట్టుచుండును. వానికి అప్పుడా బంతి ఒక చాటు. అట్టివానిని ఆట మాన్పించి కూర్చుండబెట్టినయెడల పుస్తకము తెఱచియే యుండును గాని, పంక్తి ముందుకు సాగదు.

మాకు తెలిసిన యొక యింట ఐదవ తరగతి బాలుడు రెండు వారములు ఇట్లే గడపెను. లెక్కల పుస్తకము మాత్రమే సంచి అడుగున మిగులుచుండెను. తెలుగు, సాంఘికము వ్రాయుచునే యుండెను. తల్లి అది కనిపెట్టి, కోపపడక, "ఏది రావట్లేదు నాన్నా?" అని అడిగినది. విజాతి భిన్నముల కూడిక. సగమును మూడవవంతును కలిపిన ఐదవవంతు లెందుకు కావో వానికి బోధపడలేదు. తరగతిలో అడుగుటకు సిగ్గు. ఆమె ఒక దోసెను ఆఱు సమభాగములుగ కోసి పెట్టినది. సగమనగా మూడు ముక్కలు, మూడవవంతనగా రెండు ముక్కలు. మొత్తము ఆఱింట ఐదు. ఆ ముక్కలను వాడే తినెను. మఱునాడు లెక్కల పుస్తకము సంచి పైకి వచ్చినది. ఆట మాత్రము ఒక్కనాడును ఆగలేదు. పాఠము చెప్పుటకు తీఱికలేని తల్లి, లేక ఆ పాఠము తానే చదువుకొనని తల్లి, కనీసము ఏ పుస్తకము అడుగున మిగులుచున్నదో చూచి ఉపాధ్యాయునికి చెప్పగలదు. అదియు గొప్ప సహాయమే.

ఇంతవఱకు పిల్లవాడు, పిల్లవాడు అని వ్రాసితిమి. బాలిక మాట యేమి? అదే బడినుండి అదే సంచితో అదే వేళకు ఆమెయు వచ్చుచున్నది. తమ్ముడు వీథిలోనికి పరుగెత్తగా, పదకొండు పన్నెండేండ్ల అక్క వాకిలి చిమ్ముట, గిన్నెలు సర్దుట, చంటిపిల్లను ఎత్తుకొనుట యెన్ని యిండ్లలో లేదు? ఆమె హోంవర్కును వాయిదా వేయునది ఆటకొఱకు గాదు, మన పనుల కొఱకు. తమ్ముడు వాయిదా వేసినచో కేకలువేయు మనము, ఆమె వాయిదాను బుద్ధిమంతురాలని మెచ్చుకొందుము! తొక్కుడుబిళ్ల, చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, దాగుడుమూతలు మన ఆడుబిడ్డల సొత్తు. ఈడేరినదన్న మాటతో ఒక్క దినమున అవన్నియు ముగిసిపోవుచున్నవి. మిగిలినది గదిలోని టీవీయో, ఫోనో. 2016 నాటి లెక్కలనుబట్టి ప్రపంచమున 11 మొదలు 17 ఏండ్ల వయస్సులో బాలురలో నూటికి 78 మందికిని, బాలికలలో నూటికి 85 మందికిని చాలినంత శరీరశ్రమ లేదు. ఇంటిపని చేయుచున్నది గదా, అదే వ్యాయామమని కొందఱందురు. గిన్నెలు తోముటయందు తోడిపిల్లల నవ్వు ఉండదు. పనులు అక్కకును తమ్మునికిని చెఱిసగము పంచినచో ఇరువురికిని ఆ గంట దక్కును.

క్రమము కష్టమైనది కాదు. ఇంటికి రాగానే కడుపునకింత పెట్టి, వెలుతురున్నంతసేపు బయటికి పంపవలెను. తిరిగిరావలసిన గుఱుతు గడియారముకంటె వీథిదీపమైన మేలు. పిల్లలు దానితో తగవు పడరు. కాళ్లు చేతులు కడిగిన వెంటనే, భోజనమునకు ముందే వ్రాతకు కూర్చుండవలెను. తిన్న తరువాత వచ్చునది నిద్రయేగాని చదువు గాదు. ట్యూషను తప్పనిసరియైనచో ఐదు ఆఱుగంటల నడుమ కాకుండ చూచుకొనవలెను. అరుగుమీద కూర్చుండి ఫోనులో బంతి తన్నుటను ఆటక్రింద లెక్కింపరాదు. అపార్టుమెంట్లలో కాపురమున్నవారికి స్థలమే చిక్కు. క్రింది కార్ల చావడిలో పిల్లలాడుట ప్రమాదము. పిట్టగోడ పొట్టిదైన డాబాపై గాలిపటము లెగురవేయుట మఱింత ప్రమాదము. ఆ గంటసేపు వాకిటి ఖాళీజాగాలో బండ్లు నిలుపకుండునట్లు ఇరుగుపొరుగు ఇల్లాండ్రు కలిసి ఏర్పాటు చేసికొని, వంతులవారీగ ఒకరు కనిపెట్టియున్న చాలును.

వేసవి వచ్చి ఒంటిపూట బడులు పెట్టినప్పుడు మాత్రము ఈ క్రమము తలక్రిందు కావలెను. మధ్యాహ్నపుటెండలో బయటికి పంపరాదు గనుక, భోజనమై కొంత కునుకు తీసిన తరువాత, చల్లని గదిలో వ్రాతపని ముగించుట ఉచితము. కుండలోని నీళ్లు దగ్గఱ నుంచవలెను. ఎండ తగ్గి ఐదు దాటిన పిమ్మట ఆనాటికి సంచి మాట ఎత్తవలదు.