సీటు దగ్గర దొర్లే మాట

మారికుప్పంలో రైలు పట్టాలు ఆగిపోతాయి. కోలారు బంగారు గనుల కోసం బంగారపేట నుంచి 1894లో వేసిన చిన్న దారికి ఇదే చివరి స్టేషన్. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక ఇక్కడివాళ్లలో వేలమందికి బతుకుదెరువు బెంగళూరే. చీకటితోనే బండి ఎక్కడం, రాత్రికి తిరిగి రావడం. ఛాంపియన్, ఊరిగాం దాటేసరికి కాలు పెట్టే చోటుండదు.

ఆ పెట్టెలో తెలుగు, తమిళం, కన్నడం కలిసిపోయి వినిపిస్తాయి. "ఏమప్పా, బాగుండావా?", "రవ్వంత జరగన్నా" అంటూ నవ్వుతూ పలకరించుకుంటారు. అంతలో ఎవరో సీటు మీద చేతిరుమాలు వేస్తారు. అప్పటిదాకా కీర్తన పాడుకుంటున్న నోటి నుంచే ఎదుటివాడి తల్లినీ కులాన్నీ కలిపి ఒక మాట వచ్చేస్తుంది. తర్వాత, "ఏదో కోపంలో అన్నాను, మనసులో ఏమీ లేదు" అంటారు. మనమందరం చెప్పుకునే సాకే ఇది.

ప్రభువైన యేసు ఈ సాకును ఒప్పుకోలేదు. గుండెలో నిండి ఉన్నదే నోటికి వస్తుందనీ, ఆలోచించకుండా జారే మాటలకు కూడా లెక్క చెప్పాల్సి ఉంటుందనీ మత్తయి పన్నెండో అధ్యాయంలో ఆయన చెప్పాడు. సిద్ధపడి చేసే ప్రార్థనలో మనం కోరుకున్న మనిషి కనబడతాడు. సీటు పోయినప్పుడు ఉన్న మనిషి బయటపడతాడు.

దెబ్బ తగిలినప్పుడే లోపలిది బయటపడుతుందన్నది గనిపని చేసినవారికి కొత్త సంగతి కాదు. పైకప్పు రాయిని ఇనుప కడ్డీతో కొట్టి చెవి ఒగ్గుతారు. గట్టి రాయి ఖంగుమంటుంది, లోపల వదులైన రాయి డొల్లగా పలుకుతుంది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. అంత లోతులో ఒత్తిడికి రాయి ఉన్నట్టుండి పేలి ఎందరినో బలి తీసుకుంది. కంటికి కనబడని పగులును చప్పుడుతో పసిగట్టడం అక్కడ ప్రాణాలు కాపాడే విద్య.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. గనుల ఊరి నోరు మోటుది. ఆర్కాటు, చిత్తూరు పల్లెల నుంచి వచ్చి, గని కార్మికుల లైన్ ఇళ్లలోని ఇరుకు గదుల్లో తరాలపాటు బతికినవారి భాష అది. "ఒరేయ్" అని గదమాయించిన వాడే ఆపద వస్తే అందరికంటే ముందు పరుగెత్తుతాడు. మోటుతనం వేరు, చులకన వేరు. దేవుడు తప్పుపట్టేది చులకననే. తియ్యటి గొంతుతో, మర్యాద తప్పకుండా కూడా మనిషిని పురుగులా తీసిపారేయొచ్చు.

చులకన ఎక్కడ దాగుందో తెలియాలంటే, తిరిగి జవాబు చెప్పలేనివారితో మన మాట ఎలా ఉందో వినాలి. పాస్టరుగారు ఎదురైతే "అయ్యగారూ, వందనాలు" అంటాం. ఆయన కంటే పదేళ్లు పెద్దదైన పారిశుధ్య కార్మికురాలిని "ఏయ్, ఇటు రా" అని పిలుస్తాం. గుడిలో సాక్ష్యం చెప్పి వచ్చి, అన్నం ఆలస్యమైందని భార్యను పిల్లల ముందే తిడతాం. దేవుణ్ణి స్తుతించే నోటితోనే ఆయన పోలికలో పుట్టిన మనిషిని శపించడం ఏమిటని యాకోబు తన పత్రికలో నిలదీసింది విశ్వాసులనే. బయటివారిని కాదు.

నాలుకను అదుపులో పెట్టుకుంటే సరిపోతుందా? కొంత మేలే, కానీ లోపల ఉన్నది లోపలే ఉంటుంది. అందుకే దావీదు తన పాపం బయటపడ్డాక, తనలో శుద్ధమైన హృదయాన్ని సృజించమని దేవుణ్ణి వేడుకున్నాడు.

సహోదరుణ్ణి తిట్టే మాట ఎంత ప్రమాదమో మత్తయి అయిదో అధ్యాయంలో చెప్పిన వెంటనే యేసు చేయవలసిన పని కూడా చెప్పాడు: కానుకను బలిపీఠం దగ్గరే వదిలి, ముందు వెళ్లి సమాధానపడాలి. మీ నోటి మాటకు ఈ వారం ఎవరు నొచ్చుకున్నారో మీకు తెలుసు. ఇంట్లోవారు కావచ్చు, బండిలో పక్కన నిలబడ్డవారు కావచ్చు. వచ్చే ఆదివారం గుడి మెట్లు ఎక్కకముందే వారి దగ్గరికి వెళ్లి క్షమించమని అడగండి.