మస్టరు, వాటా, సర్టిఫికెట్టు

పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా నుండిన కంచెర్ల గోపన్న సర్కారు పైకముతో భద్రాచలమున రామునికి గుడి కట్టించి గోలకొండ చెరసాల పాలైన కథ తెలుగునాట నెల్లరు నెఱిగినదే. ఈ సీమలోకెల్ల ప్రసిద్ధి కెక్కిన ఆ ఉద్యోగికి సొంత రాబడి పెంచుకొనవలెనన్న చింత యున్నట్లు మాత్రము కథ చెప్పదు. ఆ పాల్వంచకు చేరువనే యున్న కొత్తగూడెమున నేడు వేలకొలది కుటుంబములకు అదియే నిత్యచింత. అచ్చటి బొగ్గుగని కార్మికుడు దానిని తీర్చుకొను తీరు తక్కిన ఉద్యోగులకు కొంత అపరిచితము గనుక, ఇంచుక నిదానించి చెప్పుకొనదగియున్నది.

1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతమున బొగ్గు జాడను కనుగొనగా, 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ త్రవ్వుకొను హక్కును సంపాదించెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. నేడందు తెలంగాణ ప్రభుత్వమునకు నూటికి 51, కేంద్రమునకు 49 పాళ్లు కలవు. ఇట్టి సంస్థ 1992లో ఒకమారు, 1996లో మఱియొకమారు నష్టములలో మునిగి, రుగ్ణపరిశ్రమల విచారణమండలి యగు బీఐఎఫ్ఆర్ గడప త్రొక్కెనన్న సంగతి, ఇప్పుడు దసరాకు ముందు లాభాల వాటా యెంతయని లెక్కలు వేసికొను యువకులలో పెక్కుమందికి తెలియకపోవచ్చును.

మూలవేతనమును పెంచుకొనుట ఒంటరి కార్మికుని వశమున లేదు. అది బొగ్గు పరిశ్రమ కంతటికిని కలిపి సంఘములు, యాజమాన్యములు కుదుర్చుకొను వేతన ఒప్పందముచే నిర్ణీతమగును. 2023 మే నెలలో కుదిరిన పదునొకండవ ఒప్పందము నూటికి 19 చొప్పున పెంపుదలను 2021 జులై నుండి వర్తింపజేసినది.

కార్మికుని చేతిలో నున్నది మస్టరు. గనిలో పనిచేసిన ఒక్కొక్క దినమును హాజరుపట్టీలో నెక్కుటను అచ్చట అట్లందురు. ఆ కాలనీలలో కుశలప్రశ్నల పిదప తఱచుగ వినవచ్చు ప్రశ్న మస్టర్లెన్ని యైనవనియే. దాని కంతటి గౌరవము కలుగుట వట్టి అలవాటు గాదు. 2025 వఱకు అమలులో నుండిన 1952 నాటి గనుల చట్టము ననుసరించి ఒక సంవత్సరమున భూగర్భమున 190, ఉపరితలమున 240 హాజరులు నిండినవానికే వేతనముతోడి సెలవు హక్కుగా నుండెను. అదియు లోపల దిగినవానికి పదునైదు దినముల పని కొకటి, పైనున్నవానికి ఇరువది కొకటి. ఆ చట్టమే భూగర్భమున ఎనిమిది గంటలు, ఉపరితలమున తొమ్మిది గంటలు మించిన పనికి రెట్టింపు కూలి విధించి, ఓవర్‌టైముతో కలిపి దినమునకు పది గంటలు దాటరాదని సాధారణముగా హద్దు గీచినది. ఆదివారపు పనిని ‘ప్లేడే’ యందురు. దానికిని రెట్టింపు వేతనము వచ్చును గాన దానికై పోటీ మెండు. రాబడి పెంచుకొనుటకు మిక్కిలి సులువుగా దొరకు దారి యిదియే. కాని రెట్టింపు కూలి వచ్చినంత మాత్రాన ఒడలికి రెట్టింపు విశ్రాంతి రాదు. నడుము నొప్పికి డాక్టరు వద్దకు పోయి పోగొట్టుకొను మస్టర్లను ప్లేడే లెక్కలో నెవ్వరును వ్రాయరు.

ఇక లాభాల వాటా. బోనసు మన దేశమునకు క్రొత్త గాదు. 1917లో ప్లేగు భయమునకు పాఱిపోకుండ నిలుపుటకై అహమ్మదాబాదు మిల్లు యజమానులే కూలీలకు దానిని ఎర జూపిరి. 1965 నాటి చట్టము దానికి మేరలు నిర్ణయించెను; తరువాతి సవరణతో అవి నూటికి 8.33 మొదలు 20 వఱకు ఆయెను. సింగరేణి పద్ధతి వీనికన్న వేఱు: సంస్థ కోలుకొనిన పిదప, 1999-2000 నుండి, లాభములో నూటికి పది కార్మికులకు పంచుట ఆరంభమయ్యెను. ఆ శాతము క్రమముగా పెరిగి 2023-24 లాభమునకు 33 ఆయెను. మొత్తము 796 కోట్ల రూపాయలు. తలకు సగటున లక్షా తొంబదివేలు. హాజరును బట్టి పంపకము గనుక మస్టరు ఇచ్చటను ఫలించును.

అయితే శాతమెంత యని మాత్రమే అడుగువాడు సగము ప్రశ్ననే అడిగినవాడగును. ఆ యేటి లాభము 4,701 కోట్లు. అందుండి విస్తరణ పనులకై 2,289 కోట్లు ముందుగా ప్రక్కకు దీసి, మిగిలిన 2,412 కోట్లకే ఆ 33ను వర్తింపజేసిరి. మొత్తము లాభముతో పోల్చిచూచిన అది నూటికి పదునేడు మాత్రమే. క్రొత్త గనులు లేనిదే రేపటి కొలువులు లేవను యాజమాన్యపు వాదము త్రోసిపుచ్చదగినది కాదు గాని, తీసివేత యెంతయో ముందుగా తేలని వాటాలో శాతము పెరిగెనని సంబరపడుటయు వివేకము కాదు.

అదే బొగ్గుధూళిలో పనిచేయు కాంట్రాక్టు కార్మికులకు ఆ యేడే మొట్టమొదటిసారి పంపకమున చోటు దొరకెను: తలకు అయిదువేలు. మఱుసటి యేడు అది అయిదువేల అయిదువందలాయెను. పర్మినెంటువారి శాతము 34కు చేరెను. ఈ యంతరమును ఏ లెక్కతో సమర్థింపవచ్చునో నాకు తోచదు. గోదావరి గట్టు అడవులలో వేసవియందు తునికాకు కోసి, ఏబది ఆకుల కట్టలు గట్టి కల్లమున అప్పగించు కోయ కుటుంబములకు సైతము, అమ్మకములపై ప్రభుత్వమునకు మిగిలిన నికరాదాయమును బోనసుగా పంచు పద్ధతి కలదు గదా.

మస్టరునకును వాటాకును దూరముగ మఱియొక దారి కలదు, నడచువారు తక్కువ. షిఫ్టు దిగుటకు ముందు పైకప్పును, ప్రక్కగోడలను, గాలిలోని వాయువులను పరీక్షించి, లోపలికి పోవచ్చునో లేదో తేల్చువాడు మైనింగ్ సర్దారు, వానిపై ఓవర్‌మన్. ఈ కొలువులకు ధన్‌బాదున నున్న గనుల భద్రతా డైరెక్టరేటు ఇచ్చు సర్టిఫికెట్టు తప్పనిసరి. తగిన గని అనుభవము, ప్రథమచికిత్స, గ్యాసు పరీక్షల అర్హతలు సంపాదించి, పరీక్షకు కూర్చొనవలెను. పగలంతయు గనిలో నుండి వచ్చినవాడు రాత్రి నియమావళి ముందు వేసికొని కునికిపాట్లు పడుట కష్టమే. కాని మస్టరు ఏటికేడు మొదటినుండి లెక్కింపబడును, వాటా ప్రభుత్వపు నిర్ణయమునకు లోబడును; సర్టిఫికెట్టు కార్మికుని పేరిటిది, దేశములో ఏ బొగ్గుగనియందైనను చెల్లును.