ఎదురు మంట – ముందు జాగ్రత్త

ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఇంగ్లండులోని రోల్స్ రాయిస్ కంపెనీకి ఒక కారు ఆర్డరిచ్చారు. అది చేరకముందే, 1911లో, ఆయన మరణించారు. పసుపుపచ్చని ఆ సిల్వర్ గోస్ట్ కారును హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో చూడవచ్చు. అంతటి కారుకైనా, మన హంసలదీవి పొలాలకు నీళ్ళు తోడే చిన్న పెట్రోలు ఇంజనుకైనా ఒక ప్రమాదము సమానమే. అదే బ్యాక్‌ఫైర్, అనగా ఎదురు మంట.

ఇది ఎలా వస్తుంది?

గాలి, పెట్రోలు కలిసి సిలిండరులోనికి వెళ్ళి, వాల్వు మూసుకున్న తరువాత స్పార్కుతో మండాలి. పెట్రోలు పాలు తగ్గితే ఆ మిశ్రమము నిదానంగా మండుతుంది. మరల వాల్వు తెరుచుకునే వేళకు కూడా మంట ఆరదు. అది వెనుకకు తిరిగి కార్బురేటరులోనికి వస్తుంది. వాల్వు ఇరుక్కున్నా, స్పార్కు వేళ తప్పినా ఇదే జరుగుతుంది. చుట్టూ పొడిగా ఉంటే ఒక్క చప్పుడుతో పోతుంది. పెట్రోలు కారి ఉంటే మాత్రము బండి అంటుకుంటుంది. గనుక కారుడు ఆపడమే మొదటి జాగ్రత్త.

పాత పద్ధతులు, నేటి అవసరము

సిల్వర్ గోస్ట్ స్టీరింగు వద్ద స్పార్కు వేళను మార్చే మీట ఉండేది. స్టార్టు చేసే ముందు డ్రైవరు దానిని వెనుకకు జరిపి స్పార్కును ఆలస్యము చేసేవాడు. 1815లో హంఫ్రీ డేవీ బొగ్గు గని దీపానికి సన్నని తీగ జాలీ అమర్చాడు. జాలీ వేడిని లాగివేయడం వలన మంట దానిని దాటలేదు. అదే సూత్రముతో పనిచేసే మంట నిరోధకము, 1940 ఏప్రిల్ 25 తరువాత బిగించిన పడవ పెట్రోలు ఇంజన్లకు అమెరికాలో తప్పనిసరి అయింది. బయట బిగించే మోటార్లకు మాత్రము మినహాయింపు ఉంది.

మన దేశములో 2025 నాటికి పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలిపే స్థితికి వచ్చాము. పాత కార్బురేటరు బండ్లలో దీనివలన మిశ్రమము పలచబడుతుంది. దానికి తగని పాత రబ్బరు గొట్టాలు కూడా చెడిపోతాయి.

మనము చేయవలసినవి

* గొట్టాలు, క్లిప్పులు తరచు చూడండి. పగిలితే వెంటనే మార్చండి.
* ఇంజను ఆపగానే పెట్రోలు కొళాయి కట్టండి.
* పెట్రోలు పొంగితే తుడిచి, ఆవిరి పోయిన తరువాతే స్టార్టు చేయండి.
* ఎయిర్ ఫిల్టరు తీసివేసి నడపకండి. కార్బురేటరులో చేతితో పెట్రోలు పోయకండి.
* పొడి పౌడరు ఆర్పే సిలిండరు గాని, బకెట్టు ఇసుక గాని దగ్గర ఉంచండి.

మంట కార్బురేటరు వరకే ఉంటే పెట్రోలు కొళాయి కట్టి, ఇంజనును తిరగనివ్వండి. మంటను అది లోపలికి పీల్చుకుంటుంది. నీళ్ళు పోయవద్దు. పెట్రోలు నీటిమీద తేలి మంట ప్రాకుతుంది. మంట పెరిగితే ముందు పిల్లలను, పెద్దలను దూరముగా తీసుకువెళ్ళి 101కు ఫోను చేయండి. బండి మరల కొనుక్కోవచ్చు, మనిషిని కొనలేము.